గోలేటి నుంచి గోదావరిఖనికి, సరిపోయే బ్రా కోసం

ఇది చదివి కొందరు ముఖం తిప్పుకుంటారని తెలుసు. "టీచరమ్మ అయ్యుండి రాసే విషయమేనా ఇది?" అనేవాళ్లు మా స్కూల్లోనే ఉన్నారు. అననీయండి. మేం గోలేటి నుంచి గోదావరిఖని దాకా బ్రా కోసమే పోయాం, ఇంకో పనేం పెట్టుకోలేదు. మా చెల్లెలు సరిత పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్‌కు తయారవుతోంది. వంద మీటర్లు ఉరకాలి, లాంగ్ జంప్ దుంకాలి, ఇనుప గుండు విసరాలి. ఆరు నెలలు రోజూ పొద్దున్నే కాలనీ గ్రౌండ్ చుట్టూ తిరిగిన పిల్ల, ఇరవై రోజుల్లో పరీక్ష ఉందనగా లేవడం మానేసింది. నాలుగు రోజులు ఎంత అడిగినా నోరు విప్పలేదు. ఐదో రోజు నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. "ఉరికితే గుంజుతుందక్కా, నొప్పి లేస్తది. చేతులు అడ్డం పెట్టుకొని ఉరుకుతున్న. గ్రౌండ్ల పోరగాళ్లు చూసి నవ్వుతుండ్రు. నాకీ పోలీసొద్దు, ఏమొద్దు" అంది.

చేతులు ఊపకుండా వంద మీటర్లు ఎవరు ఉరుకుతారు చెప్పండి? అది వేసుకున్నదేంటో చూశాను. భుజాల పట్టీలు జారిపోతున్నాయి, వెనక పట్టీ వీపు మీద పైకి పాకింది. నంబరు ముప్పై ఆరు. మా ఇంట్లో ఇవి కొనే పద్ధతి చెప్తాను, మీ ఇంట్లోనూ ఇదే అయితే నవ్వుకోండి. టైలర్ బ్లౌజుకు రాసుకున్న నంబరు అమ్మ చీటీ మీద రాసి మడుస్తుంది. బాపు బొగ్గుబాయి డ్యూటీ దిగి బజారుకు పోయి, ఆ చీటీ మడత విప్పకుండా దుకాణపాయన చేతిలో పెడతాడు. ఆయన పేపర్లో చుట్టి ఇచ్చిన పొట్లం కూడా విప్పకుండా తెచ్చి అమ్మకిస్తాడు. పొట్లంలో ఏముందో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ మాట్లాడరు. ముప్పై రెండేళ్లొచ్చినా నాదీ అదే చీటీ, అదే పొట్లం. ఈసారి మేమే పోదామని గురువారం స్కూలుకు సెలవు పెట్టాను.

ఏడున్నరకు షేర్ ఆటో ఎక్కాం, క్రాస్ రోడ్డు దాకా మనిషికి ఏడు రూపాయలు. పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్లు బయల్దేరితే మా దగ్గర అందరూ ఒకటే అనుకుంటారు. "దవాఖానకా బిడ్డా?" అన్నాడు డ్రైవర్ కాక. "కాదు కాకా, బజారుకు" అన్నాను. "గింత పొద్దుగాల ఎవడు తెరిచి కూసుంటడు?" అని ఆయన నవ్వాడు. అక్కడి నుంచి మంచిర్యాలకు బస్సులో గంటంబావు పట్టింది. మంచిర్యాలలో బస్సు మారి, గోదారి బ్రిడ్జి దాటి, పదిన్నరకు గోదావరిఖని చౌరస్తాలో దిగాం. దుకాణాలన్నీ ఉండే లక్ష్మీనగర్‌కు అక్కడి నుంచి నడిచిపోవచ్చు, ఆటో దండగ. దారంతా సరిత ఒళ్లో బ్యాగు పెట్టుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పెద్ద దుకాణమే చూసి ఎక్కాం. కౌంటర్ వెనక మగాయన. చెల్లెలికి ముప్పై ఆరు కావాలన్నాను. ఆయన సరితను కిందికీ మీదికీ ఒకసారి చూసి, "ముప్పై ఆరెందుకక్కా, ముప్పై నాలుగు చాలు. మేం చూస్తనే చెప్తం, ఇరవై ఏండ్ల నుంచి ఇదే పని" అన్నాడు. సరిత చున్నీ మెడ దాకా లాక్కుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కండ్లల్ల టేపు పెట్టుకున్నవా అన్నా? వేసుకొని చూడనిస్తవా?" అన్నాను. "ఎక్కడన్న ఇస్తరా అక్కా? ఒకలేసి ఇడిసినంక ఇంకొకలు కొంటరా?" అన్నాడు. "మరి సరిపోకపోతే?" అంటే గోడ మీది బోర్డు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోరట. ఇంకో రెండు దుకాణాలు తిరిగాం, అవే మాటలు. మూడోది దిగాక సరిత, "ఇగ చాలక్కా, ఇంటికి పోదాం. డీఎడ్ చేస్త, నీలెక్క టీచర్నైత" అంది. టీచరు కావడం నామోషీ కాదు గానీ, ఓడిపోయి కావొద్దు గదా.

ఆకలికి రోడ్డు పక్కన రాజవ్వ అనే ముసలామె బండి దగ్గర ఆగాం. పది రూపాయలకు పెనం మీది వేడి వేడి సర్వపిండి, నువ్వులు బాగా వేసింది. నా మొహం చూసి, "ఏమైంది బిడ్డా, గింత గరంగున్నవు?" అంది. దాచిపెట్టే ఓపిక నాకు లేదు, ఉన్నదున్నట్టు చెప్పేశాను. రాజవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుందనుకున్నా. ఆమె మాత్రం అట్లకాడతో తన భుజం తట్టి చూపించింది. "నాది మరియమ్మ కుట్టింది. పొద్దంత ఈ పెనం ముంగట వంగుత, లేస్త, ఒక్క పట్టీ జారదు. మిషిని మరియమ్మ అనుండ్రి, కంపెనీ క్వార్టర్లల్ల ఎవరన్న చూపిస్తరు." మళ్లీ షేర్ ఆటో, ఐదు రూపాయలు, నీళ్ల ట్యాంకు దగ్గర దిగాం.

మరియమ్మక్కకు యాభై ఉంటాయి. బొగ్గు కంపెనీ తన కార్మికుల భార్యలకు పెట్టిన కుట్టు క్లాసులో నేర్చుకుందట. ముందు గదిలో ఏసు ప్రభువు క్యాలెండర్, దాని కింద మిషన్, ఒక మూలకు అడ్డంగా పాత చీర తెర. భర్త ఫస్ట్ షిఫ్టులో ఉన్నాడు. ఆయన మూడు దాటాకే వస్తాడు, అప్పటిదాకా ఆ గదిలోకి మగవాళ్లెవరూ రారు. మేం లోపలికి రాగానే తలుపు గడియ పెట్టింది. నంబరు చెప్పబోతే వినలేదు. "నంబరు తర్వాత. నువ్వేం పనిజేస్తవు బిడ్డా?" అని సరితను అడిగింది. వంగి రోడ్లు ఊడ్చే ఆమెకొక తీరు, క్యాంటీన్లో డేక్సాలు ఎత్తే ఆమెకొక తీరు కట్ చేస్తుందట. సరిత నేల చూస్తూ, "పోలీసు సెలక్షన్లకు ఉరుకుతున్న" అంది. "ఉరుకుతున్నవా, ఇడిసిపెట్టినవా?" అని మరియమ్మక్క అడిగింది. మా పిల్ల తలెత్తింది. "ఉరుకుతున్న" అని గట్టిగా చెప్పింది.

తెర వెనక టేపు పెట్టి, "గాలి ఇడువు" అంటూ రొమ్ము కింద చుట్టూ కొలిచింది, ముప్పై ఒకటి. మీద కొలిచింది, ముప్పై ఆరు. బ్లౌజు నంబరు పట్టుకొచ్చామని తెలిసి నెత్తి కొట్టుకుంది. "బ్లౌజుకు మీది కొలత. దీనికి కింది కొలత ముందు చూడాలె. బరువు మోసేది భుజం పట్టీ గాదు, కింది పట్టీ. గది వదులుంటే అన్ని ఊగుతయి. ఈ పిల్లకు ముప్పై రెండు కావాలె, కప్పు పెద్దగుండాలె. గసొంటిది ఈ దుకాన్లల్ల దొరకదు." తర్వాత నా వైపు తిరిగి నన్ను కూడా పిలిచింది. నేను టీచర్నంటే, గోడ మీద బోర్డు ఉన్నట్టు చెయ్యెత్తి రాయమంది. ఎత్తానో లేదో నాది మొత్తం మీదికి లేచింది. "ఇన్నేండ్ల సంది గిట్లనే రాస్తున్నవా?" అని పకపకా నవ్వింది. రాస్తున్నాను మరి.

రెండు పొరల కాటన్ గుడ్డ, వెడల్పు పట్టీలు, వెనక మూడు హుక్కులు. పన్నెండున్నరకు కూర్చుంటే సరితకు రెండు, నాకొకటి కుట్టేసరికి మూడైంది. గుడ్డతో కలిపి ఒక్కోటి తొంభై రూపాయలు. నేను పర్సు తీస్తే ఆపింది. "పని చేసి చూసినంకనే పైసలు. నీది బోర్డు, చెయ్యెత్తి చూసినవు, అయిపాయె. ఈ పిల్ల ఉరకాలె." అని గడియ తీసి సరితను గల్లీలోకి నడిపింది.

అప్పుడే ఫస్ట్ షిఫ్టు వదిలారు. సైకిళ్ల మీద, స్కూటర్ల మీద, నడుచుకుంటూ, బొగ్గు మొహాలతో గల్లీ నిండా మనుషులు. సరిత గడపలోనే ఆగిపోయింది. "ఈడనా అక్కా? గిందరు మొగోళ్లున్నరు" అంది. "సెలక్షన్ల మొగోళ్లుండరా?" అంది మరియమ్మక్క. "ట్యాంకు ముట్టుకొని రా. సరిపోకపోతే ఇప్పి మళ్ల కుడత." సరిత చున్నీ తీసి నా చేతిలో పెట్టింది, చెప్పులు విడిచింది, ఉరికింది. హెల్మెట్ చేతిలో పట్టుకున్న ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "జరుగుండ్రి, జరుగుండ్రి, బిడ్డ ఉరుకుతున్నది!" అని కేకేశాడు. సైకిళ్లు పక్కకు జరిగాయి. నేను దాని కాళ్లు చూడలేదు, చేతులే చూశాను. రెండూ ముందుకూ వెనక్కూ బాగా ఊగుతున్నాయి. ట్యాంకు ముట్టుకొని వచ్చింది, మా ముందు ఆగకుండా దాటి గల్లీ ఆ చివరికి పోయి, తిరిగి మళ్లీ ట్యాంకు వైపు ఉరికింది. మరియమ్మక్క నా ముందు చెయ్యి చాపి, "ఇప్పుడియ్యి పైసలు" అంది.

నాలుగు గంటల బస్సెక్కి చీకటి పడేసరికి ఇల్లు చేరాం. పరీక్ష రోజు మమ్మల్ని గేటు బయటే ఆపారు, కాబట్టి దాని అసలు పరుగు నేను చూడలేదు. టైములో ఉరికింది, సెలెక్టైంది, ఇప్పుడు ట్రైనింగులో ఉంది. మా బాపు బాయిలో దిగేందుకు తలకు టోపీ, కాళ్లకు బూట్లు కంపెనీ సైజు చూసి ఇచ్చింది. మా ఇంటి ఆడపిల్ల పనికి కావలసిన బట్టను మాత్రం మేం ఇన్నాళ్లూ మడిచిన చీటీలో అడిగాం. సిగ్గు పడాల్సింది దానికి. నా చెల్లెలు బ్రా కొనుక్కొని పోలీసైంది అని రాయడానికి నాకు ఏ సిగ్గూ లేదు, ఛాతీ విరుచుకొని రాస్తున్నాను. పోయేవాళ్లకు ఒక్క మాట: గాలి వదిలి రొమ్ము కింద ఒక కొలత, మీద ఒక కొలత రాసుకొని పొండి, కొన్నది వేసుకొని అద్దం ముందు నిలబడొద్దు, ఉరికి చూడండి.