కొయ్యకోటలో మాచిపత్రి

సింగపూర్ సెరంగూన్ రోడ్డులో పూలదండలు కట్టే కొట్టు ముందు మొన్న గురువారం ఉదయం నిలబడ్డాను. మూడు వారాలుగా అడుగుతున్నానని గుర్తుపెట్టుకుని, కొట్టు నడిపే తమిళావిడ తడిగుడ్డలో చుట్టిన ఆకుల కట్ట తీసి నా చేతిలో పెట్టింది. ఒక ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపాను. కర్పూరానికీ చేదుకీ మధ్య ఎక్కడో ఉండే ఆ ఘాటు ముక్కుకి తగలగానే మల్లెలూ బంతులూ బస్సుల పొగా అన్నీ వెనక్కి పోయి, ఇంగ్లండులో ఒక చలి ఉదయం, కొత్త కర్రల కోట, మా అమ్మ వంగిన వీపూ కళ్ల ముందుకొచ్చాయి.

ఆ వాసన నా కోసం కాదు, పాసిర్ రిస్‌లో ఉన్న మా అక్క కోసం. రెండేళ్లుగా అక్కకి మతిమరుపు. మొదట తాళాలు, తర్వాత వీధి, తర్వాత కూతురి పేరు, ఈ జనవరి నుంచి నేను. ఆ కోట బురుజు మీద అమ్మ అక్కతో ఒక మాట చెప్పింది. అదేమిటో తెలిసిన మనిషి ఇప్పుడు లోకంలో అక్క ఒక్కతే. ఆ మాట ఆమె లోపల ఏ మూల ఇంకా మిగిలి ఉందో, ఎన్నాళ్లు ఉంటుందో తెలియక, నేనుండే హౌగాంగ్ నుంచి ప్రతి గురువారం బస్సెక్కుతున్నాను. అమ్మ ఫొటో చూపించాను, అమ్మ పాడే జోలపాట పాడాను, ఆనాటి నా డైరీ చదివి వినిపించాను. ఏది ఏ తేదీన ప్రయత్నించానో, అక్క ఏమందో అంతా రాసిపెట్టాను. అన్ని పేజీల్లోనూ ఒకటే జవాబు: ఏమీ అనలేదు.

మా నాన్న సింగపూర్ నౌకాస్థావరంలో ఫిట్టరు. తెల్లవాళ్లు స్థావరం ఖాళీ చేసి పోతున్నప్పుడు, మంచి పనివాడని అక్కడి దొర ఒకాయన ఇంగ్లండులోని ఒక ఫ్యాక్టరీకి సిఫారసు చేశాడు. నలుగురం వెళ్లాం. నాకు పదకొండేళ్లు, అక్కకి పదహారు. పొద్దున లేచేసరికి కిటికీ అద్దం లోపలి వైపు మంచు పూలు, బొగ్గు పొయ్యి మసి, ఎంత ఉతికినా ఆరని బట్టలు, తెల్ల ఉప్మాలాంటి ఆకాశం. అమ్మ ఆ చలికాలమంతా మాట తగ్గించి, తగ్గించి, చివరికి వంటింట్లో గిన్నెల చప్పుడే ఆమె గొంతు అయింది. నాన్న నాకొక డైరీ కొనిచ్చి, రోజూ రాసింది రాత్రి భోజనాల దగ్గర పైకి చదవాలని నియమం పెట్టాడు, ఇంగ్లీషు బాగుపడుతుందని. నేను ఎప్పుడు లేచానో, ఎన్ని రొట్టెలు తిన్నానో, ఇంట్లో ఎవరు ఎవరితో ఏమన్నారో ఒక్కటీ వదలకుండా రాసి, గట్టిగా చదివేవాణ్ణి.

ఏప్రిల్‌లో నాన్న ఫ్యాక్టరీవాళ్లు కుటుంబాలన్నిటినీ బస్సులో ఒక రోమన్ కోట చూపించడానికి తీసుకెళ్లారు. రెండువేల ఏళ్ల కిందట సైనికులు ఉన్నచోటే, పాత గుంతల ఆనవాళ్ల మీద, అచ్చం ఆ నమూనాలో కొత్తగా కర్రలతో కట్టిన కోట. ఆ రోజే ఉగాది. సింగపూర్‌లో పుట్టిన మాకు వసంతమంటే పుస్తకంలో మాట. వాన, వాన లేని ఎండ, మా ఋతువులు రెండే. శ్రీకాకుళం దగ్గర పుట్టిన అమ్మకి తెలుసు. తెల్లవారకముందే లేచి, సింగపూర్ నుంచి తెచ్చిన చింతపండులో గోధుమరంగు పంచదార వేసి, మామిడికాయకి బదులు పుల్ల ఆపిల్ తరిగి, మిరియాలూ ఉప్పూ కలిపి, హార్లిక్స్ సీసాలో పోసింది. వేపపువ్వు మాత్రం ఎక్కడా లేదు. “సేదు లేని ఉగాది. మంచిదే కదేటి!” అని నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

కోట గుమ్మం ఎత్తుగా, తారు వాసన కొడుతూ ఉంది. నాన్న ముందుగా దూలాలు తట్టి, తలుపు వెనక ఫ్యాక్టరీ బోల్టొకటి కనిపెట్టి, రోమన్లు మా గోదాములోనే సరుకు కొన్నారని అందరికీ చూపించాడు. ఇనుప టోపీ, ఎర్ర అంగీ వేసుకుని సైనికుడి వేషంలో ఒకాయన ఈటె పట్టుకుని ఏదో చెబుతున్నాడు. గాలికి ఆయన మోకాళ్లు వంకాయ రంగుకి తిరిగాయి. “పాపం, ఎవులైనా ఆ బాబు మోకాళ్లకి నూని రాయండర్రా,” అంది అమ్మ. ఎన్నో నెలల తర్వాత అమ్మ నోట వచ్చిన పూర్తి వాక్యం అది. అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

కోట లోపల, రోమన్లు పెంచిన మొక్కలంటూ చిన్న మడి ఒకటి వేశారు. అందరూ దాటిపోయారు. అమ్మ ఆగింది, వంగింది, నేలకి అంటుకున్న లేత చిగురొకటి నలిపి వాసన చూసింది. “ఓలమ్మా, మాచిపత్రి!” నాన్న కంగారుగా “కోయకే, తిడతారు,” అనేలోపే నాలుగాకులు తుంచి, సన్నగా గిల్లి, సీసాలో వేసి కుదిపింది. ఈటె పట్టుకున్నాయన రానే వచ్చాడు. అమ్మ ఆయన అరచేతిలో చెంచాడు పచ్చడి పోసింది. ఆయన నాకి, ముఖం ముడిచి, కళ్లు తుడుచుకుని, నడిచి నడిచి అలసిపోకుండా సైనికులు ఈ ఆకే చెప్పుల్లో పెట్టుకునేవారట అన్నాడు. నాన్న అది తెలుగులో చెప్పగానే అమ్మ నన్ను కూర్చోబెట్టి, బూట్లు విప్పి, ఇంకో రెండాకులు తుంచి ఒక్కో దాంట్లో ఒక్కోటి పెట్టి, మళ్లీ తాళ్లు కట్టింది. రెండేసి ముళ్లు వేసింది.

తర్వాత అక్క చెయ్యి పట్టుకుని బురుజెక్కింది. నేను కింద, కోట చుట్టూ ఎన్ని అడుగులో లెక్కపెడుతూ నడుస్తున్నాను. తలెత్తి చూస్తే అమ్మ పెదవులు కదులుతున్నాయి, అక్క తల దించుకుంది. గాలి అటు వీస్తోంది, మాట వినబడలేదు. లెక్క తప్పుతుందని నేను ఆగలేదు. దిగివచ్చిన అక్క కళ్లు ఎర్రగా ఉన్నాయి. “అమ్మ ఏటన్నాదే?” అని అడిగాను. “సలి అన్నాది,” అంది. ఆ రాత్రి డైరీలో కోట చుట్టుకొలత రాశాను, బస్సు బయల్దేరిన వేళ రాశాను, చలి అని రాశాను, పైకి చదివాను. నాన్న శభాష్ అన్నాడు.

ఆకులు రాలే కాలానికి అమ్మ లేదు. కడుపులో ఏదో గడ్డ అని, చాలా రోజులుగా ఉందని ఆసుపత్రిలో చెప్పారు. ముగ్గురం సింగపూర్ తిరిగొచ్చాం. అమ్మ ఏమందని ఎప్పుడు అడిగినా అక్క “సెప్తాలే” అనేది. ఉద్యోగాలు, పెళ్లిళ్లు, పిల్లలు, నాన్న పోవడం, నేను తువాస్ షిప్‌యార్డులో రిటైరవడం, అన్నీ ఆ “సెప్తాలే” వెనకే జరిగిపోయాయి.

ఆ ఆకుల కట్టతో అక్క ఇంటికి వెళ్తే తలుపు తీసింది మేనకోడలు. “మామయ్యా, పొద్దున్నించీ మకాన్ లేదు లా, ఒక్క ముద్ద తినలేదు. నువ్వైనా ట్రై చెయ్యి,” అని వంటింట్లోకి వెళ్లింది. అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కొత్త మనిషిని చూసినట్టు నన్ను చూసి నవ్వింది. మాచిపత్రి నలిపి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. ఒకసారి పీల్చింది. ఉన్నట్టుండి నా మణికట్టు గట్టిగా పట్టుకుని, నా కళ్లల్లోకి చూస్తూ, పదహారేళ్ల గొంతుతో గుసగుసగా అంది:

“సెప్పనులే అమ్మా. తమ్ముడికి సెప్పను. ఆడు రాసేస్తాడు, నాన్నకి సదివేస్తాడు.”

ఏం చెప్పవే, ఏం చెప్పవే అని భుజాలు పట్టుకుని కుదిపేశాను. భయపడి ఏడ్చింది. మేనకోడలు పరుగెత్తుకొచ్చి నా చేతులు విడిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చి ఆనాటి పేజీ తీశాను. అమ్మ నా బూటులో పెట్టిన ఆకు ఒకటి అప్పట్లో దానికి అంటించాను. ఇప్పుడు గోధుమరంగు మరకే ఉంది, వాసన లేదు. కడుపులో గడ్డ సంగతి అమ్మకి ఆ వసంతంలోనే తెలుసు, నాన్నకి తెలియనివ్వలేదు. ఆ మాట నాకు అందకుండా చేసింది బురుజు మీది గాలి కాదు, ఈ డైరీ. కూతురి పేరూ నా ముఖమూ మరిచిపోయిన అక్క, నాకు చెప్పకూడదన్నది మాత్రం మరవలేదు.