మా పాటను మోసిన మైకు మావయ్య

మైకు మావయ్య పోయిన సంగతి మా అమ్మ ఫోన్లో అన్నిటికన్నా చివర చెప్పింది. చెల్లి జ్వరం, వర్షాలు, పక్కింటివాళ్ళ గొడవ అన్నీ అయ్యాక, "అన్నట్టు, మన మైకు మావయ్య పోయాడే. భీమవరంలో ఎవరిదో పెళ్ళికి బాక్సులు దించుతా దించుతా కూలబడిపోయాడంట" అంది. నేనప్పుడు కడియంలో, నేనూ మా ఆయనా పనిచేసే నర్సరీలో, మొక్కల కవర్లకి మట్టి నింపుతున్నాను. "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేసి మిగిలిన కవర్లు కూడా నింపాను. ఎవరు పోయారని పక్కన పనిచేసే ఆవిడ అడిగితే, "మా ఊరాయన" అన్నాను. ఇంకా చెప్పాలని ఉంది కానీ నోరు రాలేదు. ఆయన విషయంలో నాకు నోరు రాకపోవడం అదే మొదటిసారి కాదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను చదివింది ఎనిమిదో తరగతి వరకే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది నరసాపురం దగ్గర గోదావరి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట. ఆయన మాకు చుట్టం కాదు. మా వెనకింట్లో ఉండేవారు. పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ జాతరలకీ మైకుసెట్టు అద్దెకిచ్చేవారు. పేటలో పిల్లలందరికీ ఆయన మావయ్య, ఆయన భార్య అత్త. మీసానికి రంగు వేసేవారు. తన గొంతు బాగుంటుందని ఆయనకి గట్టి నమ్మకం. స్టేజి మీద ఎవరు మాట్లాడాలన్నా ముందు ఆయన మాట్లాడాల్సిందే. ఎవరైనా ఆపమంటే రెండు రోజులు అలిగేవారు. ఆడవాళ్ళ చేతికి మైకు ఇచ్చేముందు మాత్రం తువ్వాలు చివరతో శుభ్రంగా తుడిచి ఇచ్చేవారు. "వెనకాల కూర్చున్నోళ్ళకి వినపడతందాండీ?" అని అడిగి, వెనక వరసలో ఒకరైనా చెయ్యెత్తితే గాని పాట మొదలుపెట్టనిచ్చేవారు కాదు.

ఆయనకి చదువు రాదు. ఫంక్షను కార్డు తెచ్చి నాతో చదివించుకుని, పెళ్ళికూతురి పేరు తప్పు పలకకూడదని దాన్నే పదిసార్లు అనుకుంటూ వెళ్ళేవారు. ఈ సంగతి పేటలో అందరికీ తెలుసు.

కరోనా వచ్చిన ఏడాది నాకు పదిహేడు. అప్పటికే బడి మానేసి మూడేళ్ళయింది. అమ్మతోపాటు లేసు అల్లేదాన్ని. నా నేస్తం మణి కూడా అంతే. మా ముగ్గురిలో దుర్గ ఒక్కతే ఇంటర్ చదువుతోంది. క్లాసులు ఫోన్లో చెబుతున్నారని వాళ్ళ నాన్న ఫోన్ కొన్నాడు. ఒకరోజు దుర్గ అందులో ఒక వీడియో చూపించింది. ఏ దేశమో తెలియదు. సగం జుట్టు కత్తిరించుకున్న ముగ్గురు ఆడపిల్లలు గిటార్లు పట్టుకుని అరుస్తున్నారు. వింటే పాటలా లేదు, కుళాయి దగ్గర దెబ్బలాటలా ఉంది.

"దీన్ని పంక్ అంటారే" అంది దుర్గ. "సంగీతం రానక్కర్లేదంట. కోపముంటే చాలంట."

"అదైతే బోల్డుంది" అంది మణి.

అలా మొదలైంది మా బ్యాండు. పేరు నేనే పెట్టాను, రొయ్యముల్లు అని. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే ఆ పేరెందుకో తెలుస్తుంది.

ఫంక్షన్లు ఆగిపోయి మావయ్య సెట్టంతా షెడ్డులో మూలనపడి ఉంది. మేం వెళ్ళి అడగడానికి భయపడుతుంటే, సంగతి విని ఆయనే పిలిచారు. "పెట్టెలకి బూజు పడతంది. మీరైనా మోగించండమ్మా" అన్నారు. ఏదో ఆర్కెస్ట్రావాళ్ళు వదిలేసిన గిటారు ఒకటి ఉండేది, నాలుగు తీగలే మిగిలాయి. అది మణికి. మైకు దుర్గకి. నాకు రెండు చేపల ట్రేలు, ఒక రంగు డబ్బా, రెండు కర్రలు. ఎవరికీ కనపడకుండా వెనక కూర్చోవచ్చని ఆ పని నేనే అడిగి తీసుకున్నాను.

మొదటిరోజు మా మోత విని అత్త పరుగున వచ్చింది. "ఏంటయ్యా, అటక కూలిందా?"

"పాటంట" అన్నారు మావయ్య.

"పాటా? మరి పాడరేం?"

ఆయన నవ్వలేదు. దుర్గ దగ్గరికెళ్ళి మైకు ఆమె నోటి ఎత్తుకి సరిచేశారు. "శ్రుతి పోతే పోనీ అమ్మా, గొణగమాకు. గొణిగితే మైకుకే అవమానం" అన్నారు. తర్వాత ఇంకో మైకు తెచ్చి నా ట్రే పక్కన పెట్టారు. "నువ్వెలాగూ మాట్లాడవు. ఇదైనా మాట్లాడనీ" అన్నారు. మా ఇంట్లో ఎవరూ నేనేం అనుకుంటున్నానో వినాలని అలా ఏర్పాటు చేయలేదు.

మూడు నెలలు వాయించాం. ఏడు పాటలు కట్టాం. ఏడో పాట గురించి చెప్పాలంటే ముందు పెద్దాయన గురించి చెప్పాలి. పేటలో తగువులు తీర్చేది, జాతర జరిపించేది ఆయనే. పొద్దుటే రేవులో నిలబడేవారు. అవతలి ఒడ్డుకి వెళ్ళే పంటు ఎక్కుతున్న ఆడపిల్లలకి "జాగ్రత్తమ్మా" అంటూ చెయ్యి అందించేవారు. ఆ చెయ్యి చేతి దగ్గర ఆగేది కాదని ఎక్కిన ప్రతి ఆడపిల్లకీ తెలుసు. ఇంట్లో చెబితే, "తండ్రిలాంటోడు, నువ్వే కాస్త చూసుకుని ఎక్కు" అనేవారు. మా అమ్మ కూడా అదే అంది.

ఆ ఏడో పాట రాసింది నేను. లేసు నమూనాలు గీసుకునే పుస్తకంలో వెనక పేజీలో రాశాను.

"పంటు ఎక్కడం మాకొచ్చు పెద్దాయనా,
నీ చెయ్యి నీ జేబులో పెట్టుకో పెద్దాయనా.
జాగ్రత్త మాకు కాదు పెద్దాయనా,
ఇక నుంచి నీకే పెద్దాయనా."

దుర్గ రెండుసార్లు చదివింది. "నువ్వేనా?" అంది. మావయ్యకి పాడి వినిపిస్తే ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "బాగుందమ్మా. కానీ ఈ షెడ్డు దాటనివ్వకండి" అన్నారు.

ఆ తర్వాత జాతరకి అనుమతి వచ్చింది. ముందురోజంతా మావయ్య రేవు దాకా స్తంభాలకి మైకు బూరలు కట్టారు. మర్నాటి నుంచి సెట్టు జాతరకి వెళ్ళిపోతుంది కాబట్టి, సాయంత్రం చివరిసారి వాయించుకుంటామని అడిగాం. సరేనన్నారు. నిచ్చెన భుజాన వేసుకుని వెళ్తూ వెళ్తూ, ఆంప్లిఫయర్ పక్కనే కూర్చునేది నేను కనక, నాతో అన్నారు, "ఆ రెండో వైరు పీకేసి మొదలెట్టండమ్మా."

వెనక నాలుగు వైర్లున్నాయి, వాటిలో ఒకటి బయటి బూరలకి వెళ్ళేది. ఇటునుంచి రెండోదా, అటునుంచా తెలియలేదు. ఏ వైరండీ అని ఒక్క కేక వేస్తే ఆయన వెనక్కి వచ్చేవారు. సిగ్గుపడ్డాను. ఒకటి పీకాను. మా షెడ్డులో బాక్సు బాగానే మోగింది. సరైనదే పీకాననుకున్నాను. మా మోతలో బయట ఏం మోగుతోందో మాకు వినపడలేదు.

పేటలో ఉన్న పదకొండు బూరల్లోనూ మా పాట వచ్చింది. వలలు బాగుచేసుకునేవాళ్ళు విన్నారు, పంటు దిగేవాళ్ళు విన్నారు, రేవులో టీకొట్టు బల్ల మీద కూర్చుని పెద్దాయన విన్నారు. మావయ్య స్తంభం మీద, చేతిలో బూరతో ఉన్నారు. దిగి, పరిగెత్తి, ఆయన షెడ్డుకి వచ్చేసరికి మేం మూడోసారి పాడుతున్నాం. ఆయన వంగి రెండో వైరు పీకారు. ఆయాసంతో అక్కడే కింద కూర్చుండిపోయారు.

మర్నాడు పొద్దున్న వలల షెడ్డులో పెద్దలు కూర్చున్నారు. మమ్మల్నీ మా ఇంట్లోవాళ్ళనీ పిలిచారు. పెద్దాయన కోపంగా లేరు. కోపంగా ఉంటే బాగుండేది.

"ఆడపిల్లల నోట ఇలాంటి మాటలు వాటంతటవి రావండి" అన్నారు. "ఎవరో నేర్పారు. ఎవరో తేలితే పిల్లల్ని ఏమీ అనక్కర్లేదు."

"మాకెవరూ..." అంటూ దుర్గ లేవబోయింది. వాళ్ళ నాన్న జబ్బ పట్టుకుని కూలేశాడు.

అప్పుడు మావయ్య లేచి నిలబడ్డారు. "నేనే కట్టానండి" అన్నారు.

అక్కడున్న వాళ్ళలో ఒక్కరు కూడా నవ్వలేదు. పెళ్ళికార్డు చదవలేని మనిషి పాట రాశానంటే, అందరూ తలలూపి విన్నారు. పెద్దాయన నా వైపు తిరిగారు. "ఈ పిల్ల నోట్లో నాలుకే లేదు. ఇది అబద్ధం చెప్పదు. చెప్పమ్మా, ఈయనేనా?"

నేను తల ఊపాను.

అంతే. మాట కూడా కాదు. అమ్మ నా భుజం మీద వేసిన చెయ్యి అప్పుడు కాస్త వదులైంది.

ఆ జాతరకి పాలకొల్లు నుంచి వేరే సెట్టు వచ్చింది. నా లేసు పుస్తకం మా నాన్న పొయ్యిలో పెట్టాడు. పెళ్ళీడు పిల్లల్ని షెడ్డులో కూర్చోబెట్టుకుని అలాంటి పాటలు నేర్పేవాడని మావయ్య గురించి మాట మొదలైంది. ఆ మాట వారం వారం పెరిగింది. దానికి సాక్ష్యం నేను ఊపిన తల. పేటలో ఆయన్ని ఒక్క ఫంక్షనుకీ పిలవలేదు. ఏడాది తిరిగేసరికి ఒక్కొక్క పెట్టే అమ్మేసి, భీమవరంలో డీజే బాక్సులవాళ్ళ దగ్గర ఎత్తుడు దించుడు పనికి కుదిరారు. ఆ వయసులో, అంతంత బాక్సులు. దుర్గ ఇప్పుడు రొయ్యల కంపెనీలో చేస్తోంది. మణిది రాజోలు దగ్గర అత్తవారిల్లు. మేం ముగ్గురం ఎప్పుడు మాట్లాడుకున్నా ఈ విషయం ఎత్తలేదు.

మరుసటి ఏడు నా పెళ్ళయింది. మైకు పాలకొల్లు వాళ్ళదే. మావయ్యకి కార్డు ఇచ్చారు గాని, ఎవరూ రండి కూర్చోండి అనలేదు. ఆయన చివరి వరసలో కూర్చున్నారు. మైకు కీచుమని అరిచినప్పుడు సగం లేచి, గుర్తొచ్చి, మళ్ళీ కూర్చోవడం నేను పీటల మీద నుంచి చూశాను. అక్షింతలు వేయడానికి వచ్చినప్పుడు నా చెవిలో పడేటట్టు అన్నారు, "ఆ రోజు తల ఊపమని నేనే సైగ చేశాను కదమ్మా. మర్చిపోయావేంటి? మనసులో పెట్టుకోకు."

ఆయన సైగ చేయలేదు. నాకు బాగా తెలుసు. నేను తల ఊపినప్పుడు ఆయన నేల చూస్తున్నారు.

మావయ్య పదకొండో రోజు కార్యానికి నేనూ మా ఆయనా వెళ్ళాం. వంటల దగ్గర అత్త ఒక్కతే దొరికితే, ఇన్నాళ్ళకి నోరు విప్పాను. "అత్తా, ఆ పాట నేను రాసింది."

అత్త కూర గరిటె కింద పెట్టలేదు. "కరెంటు బిల్లు నాచేత చదివించుకునేవోడు పాట రాస్తాడా? నాకు చెప్పడమెందుకమ్మా? నాకు తెలుసు. తెలీనట్టు కూర్చున్నోళ్ళకి చెప్పు. నాలుగేళ్ళ కిందట చెబితే ఆయన కూడా వినేవోడు."

అందులో కోపం లేదు. ఉన్న సంగతి అంది, కూర కలియబెట్టింది.

పందిట్లో భోజనాల మొదటి బంతి లేవబోతోంది. పెద్దాయన వరస మొదట్లో కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. కొంగు నిండా కప్పుకుని చెప్పాను.

"ఏంటమ్మా, వినపడలేదు" అన్నారు.

మళ్ళీ చెప్పాను, ఈసారి వరసంతా తలెత్తేలా. "ఆ పాట మావయ్య కట్టలేదండి. నేను రాశాను. మీ గురించే రాశాను. అందులో ఉన్నది నిజమే. ఆ రోజు నేను తల ఊపింది అబద్ధం."

మా అమ్మ గుంజ పట్టుకుని నిలబడిపోయింది. మా ఆయన చేతిలో నీళ్ళ జగ్గు అలాగే ఉంది. పెద్దాయన నా మొహం కాసేపు చూశారు. గుర్తుపట్టడానికి ప్రయత్నించినట్టు చూశారు.

"ఏ పాటమ్మా?" అన్నారు.

నటించారని అనుకోవాలని చాలా ప్రయత్నించాను. నటన కాదు. ఆయనకి నిజంగానే గుర్తు లేదు. పక్కనున్నాయన చెవిలో ఏదో చెబితే, "ఓ, అదా" అన్నారు. "పాతవన్నీ ఇప్పుడెందుకులే తల్లీ. పోయినోడు మంచోడు. ఎవర్నీ ఒక మాట అనేవోడు కాదు." పెరుగు ఇంకొంచెం వేయించుకుని, తిని, చెయ్యి కడుక్కోవడానికి లేచారు. మిగతావాళ్ళూ లేచారు.

రెండో బంతికి జనం నిలబడి ఉన్నారు. విస్తళ్ళు ఎత్తే మనుషులు చాల్లేదని ఎవరో కేకేశారు. అందరికన్నా దగ్గరగా ఉన్నది నేనే. వంగి పెద్దాయన విస్తరి మడిచి ఎత్తాను. బరువే లేదు. ఒక్క మెతుకు వదలకుండా శుభ్రంగా తిన్నారు.