వదిన ఆకులో ఏం పెట్టాలి

మీరంతా బాగున్నారా? పెద్దవాళ్ల మోకాళ్లు, పిల్లల దగ్గు, ఇంట్లో బాలింతలుంటే వాళ్ల ఒళ్లు, అన్నీ నిమ్మళమేనా? అడగనిదే నాకు మనసున పట్టదు. రోజూ నాతో మాట్లాడే మా పక్కింటి వదిన మొన్న సోమవారం నిద్రలోనే పోయింది. నాకంటే చిన్నది. మా మక్తల్‌లో బిస్కెట్ల వదిన అంటే తెలియనివాళ్లు లేరు.

ఆమెకు బట్టీ లేదు. పెద్ద గంజులో ఇసుక పోసి పొయ్యి మీద కాచేది. పిండి, చక్కెర, నెయ్యి కలిపి చేసిన బిళ్లలను పళ్లెంలో పేర్చి, ఆ ఇసుక మీద పెట్టి, మూత మీద నిప్పులు పరిచేది. "మాడుతున్నయేమో, జర చూడు" అని గోడ మీద నుంచి నాది ఒకటే గోల.

"మూత తీస్తే వేడి పోతది వదినె. నీ ఫికర్ కన్నా నా నిప్పులే నయం, గంటకైన సల్లారుతయి" అనేది.

ఎవరి పిల్లకు పరీక్షలున్నా, ఎవరు ఊరికి పోతున్నా ఆమె డబ్బా వెళ్లేది. నువ్వూ తినమంటే, "వాసనకే కడుపు నిండింది" అని చేతులు దులుపుకునేది.

మూడో రోజు పిట్టకు పెట్టాము. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి కదా. ఆమె బిడ్డ ఏడ్చుకుంటూనే తల్లి లాగా బిస్కెట్లు చేసి తెచ్చింది. ఎండ ముదిరినా ఒక్క కాకీ దిగలేదు. "నీ బిడ్డను మంచిగ చూసుకుంటం, వచ్చి తిను వదినె" అని బతిమాలాను.

"కాకికి గూడ షుగరున్నట్టుంది" అని ఆమె మరిది నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు. చివరికి ఆకు ఆవుకు పెట్టి వచ్చాము.

ఇంటికొచ్చాక బిడ్డ నా చేయి పట్టుకుంది. "అత్తమ్మా, అమ్మకు ఏం తినుడు ఇష్టముండె? నువ్వన్న జెప్పు."

వాడకట్టంతా ఆమె చేతిది తిన్నవాళ్లమే. ఆమెకు ఏది తినబుద్ధయ్యేదో ఒక్కరికీ తెలియదు.

మాసికం నాడు మళ్లీ ఆకు వేయాలి. ఈసారి కూడా తెలియక పెడితే, ఆమె ఆకలితోనే ఉండిపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. హాలియాలో ఆమె చెల్లె ఉంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే తళెలో తినేవాళ్లట. ఫోన్‌లో అడుగుదామంటే ఆమెకు వినపడదు. బస్సులు మారాలంటే నాకు భయమే, దారిలో కళ్లు తిరిగితే ఎట్లా అని. అయినా వస్తున్నామని చెప్పించాను. వచ్చే బేస్తవారం పొద్దుటి బస్సుకు బిడ్డా నేనూ పోతున్నాము.