చల్లారిన ఇంజిన్ ముందు ఓరియెల్లా

ఓరియెల్లా బోన్విచీనికి భయపడటం వచ్చినంత బాగా ఇంకేదీ రాదని వాళ్ళక్క నీవెస్ అంటుండేది. అందులో అబద్ధమేమీ లేదు. ఉరుమంటే భయం, లిఫ్టంటే భయం, బ్యాంకులో గుమస్తా కళ్ళజోడు సర్దుకున్నా భయం. ఇటలీలో సస్సువోలో అనే ఊళ్ళో టైల్స్ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్ళు పనిచేసి ఒక్కసారైనా జీతం పెంచమని నోరు తెరవలేదు. అలాంటి మనిషి యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఉద్యోగం పోయినప్పుడు వచ్చిన డబ్బంతా పోసి పాత స్పోర్ట్స్ కారు కొంటానంటే ఇంటిల్లిపాదీ నవ్వక ఏం చేస్తారు?

ఏ కంపెనీ కారో నేను చెప్పను. మోదెనా చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పినా ఒరిగేదేమీ లేదు. ఆ కంపెనీ సీట్లకి తోలు కుట్టింది ఓరియెల్లా వాళ్ళమ్మే. తోలు ముక్కలు ఇంటికి తెచ్చుకుని వంటింటి బల్ల మీద పరుచుకునేది. చిన్న ఓరియెల్లా ఎదురుగా కూర్చుని మైనం పట్టించిన దారం అందించేది. ఆ తల్లి వందల సీట్లు కుట్టి, ఒక్కదాంట్లోనైనా కూర్చోకుండానే పోయింది. నేను కూర్చుంటాను అని ఓరియెల్లా శ్మశానంలోనే అనుకుంది. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు. అనడానికీ భయమే కదా!

చేతిలో ఉన్నది ముప్పై వేల యూరోలు. ఆ డబ్బుకి పోస్టర్లలో కనిపించే రెండు సీట్ల కార్లు రావు. ఎనభైల్లో వచ్చిన మోడల్ ఒకటుంది, వెనకాల పిల్లలు పట్టేంత సీట్లున్నది. షోకిలారాయుళ్ళు దాన్ని చూసి మూతి విరుస్తారు కాబట్టి అదొక్కటే అందుబాటులో ఉంది. కొనడం వరకే చవక. లోపల ఇంజిన్ పాడైందా, బాగుచేయించడానికి మళ్ళీ అంత ధరా అవుతుంది. ఓరియెల్లా దగ్గర రెండో ముప్పై వేలు లేవు, ఇక రావు కూడా. తప్పు కారు ఎంచుకుంటే షెడ్డులో పెట్టుకుని చచ్చేదాకా దాన్ని చూస్తూ ఏడవాలి.

అందుకే బావ కాళ్ళావేళ్ళా పడింది. నీవెస్ మొగుడు ఎర్మెస్ ఆ కంపెనీలోనే ఇంజిన్లు పరీక్షించే గదిలో నలభై ఏళ్ళు చేసిన మేస్త్రీ. కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వాల్చి ఇంజిన్ చప్పుడు విని, లోపల ఏ నట్టు వదులైందో చెప్పేవాడని ఊరంతా చెప్పుకుంటుంది. బార్లో ఆయన కూర్చునే కుర్చీలో ఇంకొకరు కూర్చోరు.

"ఒకటే రూలు," అన్నాడు ఎర్మెస్. "మనం వెళ్ళేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందు చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉందంటే వాడేదో దాస్తున్నాడన్నమాట. అలాంటి చోట కాఫీ కూడా తాగొద్దు, లేచొచ్చెయ్!"

రెండు కార్లు చూశారు. రెండింటినీ ఎర్మెస్ తాళం తిప్పనివ్వకుండానే కాదన్నాడు. ఒకదానికి అడుగున తుప్పు, ఇంకోదాని కాగితాల్లో తేడా. ఎంత చురుకైన కళ్ళో అని ఓరియెల్లా మురిసిపోయింది.

మూడోది కాస్తెల్వెత్రో కొండ మీద, జున్ను టోకు వ్యాపారం చేసే స్కాల్ట్రీతి గారింట్లో. ఆదివారం పొద్దున పదింటికి వెళ్ళారు. ఇంటి కింద చల్లటి షెడ్డులో ముదురు నీలం రంగు కారు. తుప్పు లేదు, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. తేనె రంగు తోలు సీట్ల అంచున జంట కుట్టు చూడగానే ఓరియెల్లాకి వంటింటి బల్ల మీద అమ్మ కుట్టు గుర్తొచ్చింది. ఇదే, ఇంకేమీ వద్దు అనిపించింది. అనిపించింది కాబట్టే భయం రెట్టింపైంది. ఆ కార్లకి ఇంజిన్ వెనకే కాబట్టి, వెనక్కి వెళ్ళి ఇంజిన్ మూత మీద అరచెయ్యి ఆనించింది. అప్పుడే పొయ్యి మీంచి దించిన కాఫీ గిన్నెలా వెచ్చగా తగిలింది.

"మీరొస్తున్నారని ఓ చుట్టు తిప్పి తెచ్చానమ్మా," అని నవ్వాడు స్కాల్ట్రీతి. "చుట్టాలొస్తుంటే ఇల్లు వెచ్చగా ఉంచుకోమూ?"

ఓరియెల్లా బావ వంక చూసింది. లేచొచ్చేద్దాం అంటాడనుకుంది. ఎర్మెస్ మాత్రం, "పోన్లే, పెద్దమనిషి. తాళం తిప్పమను, విని పోదాం," అన్నాడు.

"బావా, చల్లగా ఉండాలన్నది నువ్వే కదా?"

"నా రూలు నాకే చెప్తావుటే?"

మామూలుగా అయితే ఆ గదమాయింపుకే ఓరియెల్లా ముడుచుకుపోయేది. ఆవేళ మాత్రం ముప్పై వేల భయం ముందు బావంటే ఉన్న భయం చిన్నదైపోయింది.

"చల్లారేదాకా ఉంటానండీ," అంది నేల చూపులు చూస్తూ.

"అయిదారు గంటలు పడుతుందమ్మా!"

"ఉంటానండీ."

స్కాల్ట్రీతి ముఖం మాడింది కానీ మర్యాద వదల్లేదు. భార్య చేత పెరట్లో బల్ల వేయించాడు. వేడివేడి గుండ్రటి రొట్టెలు, వెల్లుల్లి వేసి నూరిన పందికొవ్వు, నురగలు కక్కే లాంబ్రుస్కో వైను. ఓరియెల్లా ముట్టలేదు. ఆ కొండల్లో ఒకరి రొట్టె తిన్నాక బేరం వదిలేసి లేవడమంటే మొహం మీద ఉమ్మేసినట్టే. కడుపులో బాగాలేదని చెప్పింది, అది నిజమే. ఎర్మెస్ మాత్రం ఇద్దరి వాటా తిన్నాడు. తింటున్నంతసేపూ చేతి గడియారం పదిసార్లు చూసుకున్నాడు. ఈయనకేమిటి తొందర అనుకుంది ఓరియెల్లా.

నాలుగింటికి ఇంజిన్ మూత నేలంత చల్లగా ఉంది. స్కాల్ట్రీతి తాళం తిప్పాడు.

షెడ్డు అదిరింది. ఎర్మెస్ కళ్ళు మూసుకుని తల వాల్చాడు. ఓరియెల్లా ఆయన వెనక నిలబడింది. గర్జన అడుగున ఏదో ఉంది. ముప్పై ఒక్కేళ్ళు ఆమె చేసిన పని ఒక్కటే: లైను చివర నిలబడి, టైలు మూల పట్టుకుని, వేలి కణుపుతో కొట్టి వినడం. మంచిది ఖంగుమంటుంది. వెంట్రుకవాసి పగులున్నా మూగగా పలుకుతుంది. ఆ పనికి కెమెరాలు పెట్టి ఆమెలాంటివాళ్ళని ఇళ్ళకి పంపించేదాకా ఆ చెవి ఒక్కనాడూ తప్పలేదు. ఇప్పుడు గర్జన అడుగున అదే మూగ చప్పుడు, టప్ టప్ టప్ మని. రెండు నిమిషాలకి సన్నబడి మాయమైంది. స్కాల్ట్రీతి ఇంజిన్ ఆపాడు.

"పాట!" అన్నాడు ఎర్మెస్ కళ్ళు తెరిచి. "నిఖార్సైన పాట! తీసుకో."

ఓరియెల్లాకి తన చెవి మీదే అనుమానం వచ్చింది. బావకి వినపడనిది తనకెలా వినపడుతుంది? "బావా," అంది వెనకనుంచి. ఎర్మెస్ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. "బావా!" తిరగలేదు. గట్టు మీద ఖాళీ సీసా కనపడింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు, అలవాటుగా వేలి కణుపుతో ఠంగుమని కొట్టింది. గుమ్మంలో పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచింది. ఎర్మెస్ చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఓరి దేవుడా! ఇంట్లో చెవులు పగిలేలా పెట్టుకునే టీవీ, పిలిస్తే పలకడని నీవెస్ పెట్టే శాపనార్థాలు, ఎవరు మాట్లాడినా పెదాల వంకే చూసే ఆ చూపు, తాళం తిప్పకుండానే వదిలేసిన రెండు కార్లు. అన్నీ ఒక్కసారిగా ఆమె మీద పడ్డాయి. ఆయనకి వినపడదు.

స్కాల్ట్రీతి బయానా కాగితం తెచ్చి కలం మూత తీశాడు. "మేస్త్రీ గారే పాటన్నారు. ఇంకేం కావాలమ్మా?"

సంతకం పెడితే తన బతుకు పోతుంది. ఇంజిన్లో పగులుందంటే బావ పరువు పోతుంది. ఈ జున్ను వ్యాపారి చీకటి పడేలోగా ప్రతి బార్లోనూ చెప్పి నవ్విస్తాడు, ఆ కుర్చీలో రేపటినుంచి ఎవరైనా కూర్చుంటారు. చివరికి ఓరియెల్లా తన దగ్గర ఉన్నదేదో అదే బయటికి తీసింది.

"నాకు భయమేస్తోందండీ. నాకొద్దు."

"భయమా?"

"ఇంత చప్పుడు చేస్తుంటే నేను నడపలేనండీ. కారు మంచిదే. నాకే ధైర్యం లేదు."

"పొద్దున్నుంచీ కూర్చోబెట్టి ఇదా! వెళ్ళి సైకిల్ కొనుక్కో తల్లీ!" అని కలం మూత పెట్టేశాడు స్కాల్ట్రీతి. ఓరియెల్లా తల వంచుకుని ఆ మాట పడింది.

తిరుగు దారిలో వ్యాన్ నడుపుతూ ఎర్మెస్ మండిపడ్డాడు. "నా పరువు తీశావు కదే! పిరికిదానివని తెలుసుగానీ మరీ ఇంతటిదానివనుకోలేదు!"

ఓరియెల్లా ఆయన చెయ్యి పట్టుకుని ద్రాక్షతోట పక్కన ఆపించింది. "బావా, నా మొహం చూడు." చూశాడు. ఆమె మెల్లగా, పెదాలు కనపడేలా చెప్పింది. "అడుగున పగిలిన టైలు చప్పుడు వచ్చింది. రెండు నిమిషాలుండి ఆగిపోయింది."

ఎర్మెస్ ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. "పిస్టన్ సిలిండర్ గోడకి కొట్టుకుంటోంది," అన్నాడు. "వేడెక్కితే ఉబ్బి ఖాళీ పూడుతుంది, నోరు మూసుకుంటుంది. అందుకే వాడు ముందే తిప్పి తెచ్చాడు. నీ డబ్బంతా నా చేత్తో గంగలో కలిపేవాణ్ణి."

"ఎన్నేళ్ళయింది బావా?"

ఎర్మెస్ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "తొమ్మిదేళ్ళు. సన్న చప్పుళ్ళు ముందు పోయాయి. ప్రతి కారుకీ వంక పెట్టలేక, ఇవాళ త్వరగా తేలిపోతే చాలనుకున్నాను."

"అక్కకి తెలుసా?"

"పిలిస్తే పలకని పొగరుబోతునని తెలుసు. అదే నయం." ఆమె వైపు తిరిగి, "అక్కడే ఎందుకనలేదే?" అన్నాడు.

"భయమేసింది."

"వాడంటేనా?"

"కాదు. నీ గురించి."

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

నవంబరులో ఫోర్మిజినెలో ఇంకొకటి దొరికింది. రిటైరైన టీచరమ్మ దిర్చె గారిది, ఎర్రది, రంగు వెలిసింది, తోలు మాత్రం చెక్కుచెదరలేదు. ముందుగా కారు తిప్పొద్దని ఆవిడకి ఫోన్ చేసి చెప్పారు. పొగమంచులో ఇంజిన్ మూత రాయిలా ఉంది. టీచరమ్మ తాళం తిప్పింది.

ఎర్మెస్ ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించి, ఓరియెల్లాకి ఎదురుగా నిలబడి ఆమె మొహం వంకే చూశాడు. ఓరియెల్లాకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు తను తప్పు వింటే సరిదిద్దడానికి బావ చెవి కూడా లేదు. ఒక నిమిషం విన్నది, రెండు విన్నది, వెచ్చబడేదాకా విన్నది.

"ఏమంటోందే?" అన్నాడు ఎర్మెస్. ఆ మాట ఆయన జీవితంలో ఎవరినీ అడగలేదు.

"పగులు లేదు బావా."

"మళ్ళీ చెప్పు."

"పగులు లేదు. ఖంగుమంటోంది."

సాయంత్రానికి కాగితాలయ్యాయి. ఓరియెల్లా సీట్లో కూర్చుని అంచు కుట్టు మీద ఒక్కసారి వేలు పోనిచ్చింది, వణుకుతూనే గేరు వేసింది. ఎర్మెస్ పక్కన కూర్చున్నాడు.

"ఎలా ఉందో చెప్పు," అన్నాడు. "మొదట్నుంచీ, ఏదీ వదలకుండా."

ఆమె గేరు మార్చినప్పుడల్లా గట్టిగా చెప్పింది. ఇప్పుడు బొంగురుగా ఉంది బావా, ఇప్పుడు సన్నబడింది, ఇప్పుడు ఈల వేస్తోంది. ఆయన రోడ్డు వంక చూడలేదు, ఆమె పెదాల వంకే చూస్తూ తలాడించాడు. ఇల్లు చేరేదాకా ఆమె చెబుతూనే ఉంది.