పిన్ని అనని మాట

మొన్న జనాభా లెక్కల అమ్మాయి వచ్చి, అన్నీ రాసుకుని, "మతం ఏంటండీ?" అంటూ కలం ఎత్తి నా వైపు చూసింది. ముప్పై ఏళ్ళ కిందట, డెబ్బై ఒకటిలో, ఇదే తిరువూరులో అలా కలం ఎత్తి నిలబడ్డవాణ్ణి నేను. కొత్తగా మాస్టరుద్యోగం వచ్చిన రోజులు. లెక్కల కాగితాలు చంకన పెట్టుకుంటే కలెక్టరునన్నంత గీర.

మా వీధి చివర పరుపులు కుట్టే పిన్ని ఉండేది. చుట్టరికం లేదు, నేను పుట్టినప్పుడు తలకింద పెట్టిన దిండు ఆమె కుట్టిందేనట, అందుకని పిన్ని. దూదేకులవారి ఆడపడుచు, క్రైస్తవుణ్ణి చేసుకుంది. ఆయన పోయినా ఆదివారం చర్చి మానలేదు. రంజాన్ నెలలో ఒక్కపొద్దులూ మానలేదు. ఎప్పుడు చూసినా జుట్టంతా దూదిపోగులే. మతం అడిగితే, చేతిలో సూది ఆపకుండానే "రెండూ రాయి నాయనా" అంది.

"ఒక్కటే రాయాలి పిన్నీ, గడి ఒక్కటే ఉంది."

"ఒక్కపొద్దు మా అమ్మ నేర్పింది. ప్రార్థన మీ బాబాయి నేర్పాడు. ఇద్దర్లో ఎవర్ని కొట్టెయ్యమంటావ్?"

నవ్వేసి, భర్త మతం రాశాను. అంతటితో ఊరుకుంటే ఇవాళ ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు. సాయంత్రం బస్టాండు దగ్గర టీకొట్లో నలుగుర్నీ నవ్విద్దామని, ఆమె అన్నట్టుగా ఒక మాట కల్పించాను: "అటు క్రిస్మస్ కేకు, ఇటు రంజాన్ సేమ్యా, ఏది వదులుకోమంటావ్ అందిరా!" పడీ పడీ నవ్వారు. వారం తిరక్కుండా ఆ మాట చర్చికీ మసీదుకీ చేరింది.

అంతవరకూ చూసీచూడనట్టున్న పెద్దలు రెండుచోట్లా ఆమెను పిలిపించారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఏసు ఒకరికి దేవుడి కొడుకు, మరొకరికి ప్రవక్త. రెండూ ఒకే నోటితో ఎలా అంటావమ్మా అని అడిగారు. "నాకేం తెలుసండి, పోయాక ఆయన్నే అడుగుతా" అందట. దానికైనా ఓర్చుకునేవారేమో గాని, తిండి కోసం వస్తోందన్న మాటకి ఓర్చుకోలేకపోయారు. ఇక రావద్దన్నారు.

పిన్ని బడికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "నన్ను మీ బాబాయి పక్కన పూడ్చనివ్వరంట నాయనా. కేకు మాట నేననలేదని ఒక్కసారి వచ్చి చెప్పవా? నీ కాళ్ళు పట్టుకుంటా" అంటూ నిజంగానే వంగింది. లెక్కల్లో చెప్పిన సంగతి బయటపెట్టానని తెలిస్తే ఉద్యోగం పోతుందని నా భయం. "రేపొస్తా పిన్నీ" అన్నాను. మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ రేపన్నాను.

ఆ వానాకాలంలోనే పోయింది. మధ్యాహ్నం దాకా శవం వాకిట్లోనే ఉంది. అటువాళ్ళు ఇటువాళ్ళ మనిషన్నారు, ఇటువాళ్ళు అటువాళ్ళ మనిషన్నారు. గుంపులో ఉన్న నేను అప్పుడూ నోరు తెరవలేదు. చివరికి ఎ.కొండూరు రోడ్డులో ఓ రైతు తన మామిడితోట మూల చోటిచ్చాడు. ఏ ప్రార్థనా లేకుండానే మట్టి వేశాం.

రెండు మతాలు ఒక మనిషిలో ఇముడుతాయో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆమె తిండికి ఆశపడలేదని మాత్రం తెలుసు. ఆ మాట ఆమెది కాదు, నాది. నిన్న రెండుచోట్లకీ వెళ్ళి అదే చెప్పాను. అప్పటి పెద్దలు ఎవరూ మిగల్లేదు, ఉన్నవాళ్ళు మర్యాదగా విని, "ఎవరండీ ఆవిడ?" అన్నారు. బడి నుంచి చర్చికి అర ఫర్లాంగు, మసీదుకి ఇంకాస్త. ఆ నడక నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.