పిన్ని గేదెను కొన్నట్టు కొన్న చేతిగడియారం

మొన్న మా మనవడు సైకిలెక్కి బజారుకి వెళ్ళి, నేను రెండు వక్కపలుకులు నమిలేలోగా చేతివాచీ ఒకటి కొనుక్కుని వచ్చేశాడు. దానికి కీ ఇవ్వక్కర్లేదట, లోపల శనగగింజంత బ్యాటరీ ఉంటుందట, పాడైతే బాగుచేయించడం దండగట, పారేసి ఇంకోటి కొనుక్కోవడమేనట. వాడు చెబుతున్నంతసేపూ తల ఊపుతూనే ఉన్నాను గానీ, నా మనసు అప్పటికే తాడేపల్లిగూడెం స్టేషను ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళిపోయింది. పంతొమ్మిదివందల ముప్పైల్లో, నేనింకా పెళ్ళికాని పిల్లగా ఉన్నప్పుడు, ఒక్క చేతిగడియారం కొనడానికి మా ఇంట్లో జరిగిన హంగామా ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. మన ఈడు వాళ్ళైతే నవ్వినా, ఆ నవ్వులో నాతో పాటు కాస్త దూరం వెనక్కి నడుస్తారు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

ఆ రోజుల్లో చేతిగడియారమంటే కొత్త అల్లుడు అలకపాన్పు మీద కూర్చుని అడిగే వస్తువు. రైల్వే వాళ్ళకీ, ప్లీడర్లకీ జేబుగడియారాలు ఉండేవి. ఆడదాని చేతికి గాజులు కాకుండా ఇంకొకటి ఉండవచ్చునని ఊళ్ళో ఎవరికీ తోచి ఉండదు. నాకు మాత్రం అది లేకపోతే ఉద్యోగమే లేదు. అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే నన్ను బాబాయీ పిన్నీ పెంచారు. బాబాయి గూడెంలో ఒక రైసుమిల్లు గుమస్తా. నన్ను ఏలూరులో మిడ్‌వైఫు ట్రైనింగుకి పంపించడమే ఆయన అప్పట్లో చేసిన పెద్ద సాహసం, అది కూడా పిన్ని పెట్టిన పోరు వల్ల. ట్రైనింగు అయ్యాక అక్కడి ఆసుపత్రి డాక్టరమ్మగారు నన్ను పిలిచి, కొల్లేటి లంకలకి వెళ్ళడానికి ఒక మనిషి కావాలనీ, అక్కడ తనలాంటి వాళ్ళు పక్కన ఉండరు కనుక నాడి తమంతట తామే కొలిచి చూసుకోగలిగిన వాళ్ళనే పంపుతాననీ, సెకన్ల ముల్లు ఉన్న నమ్మకమైన వాచీ కొనుక్కుని రమ్మనీ చెప్పింది. కొన్నాళ్ళు పని చూసి ఖాయం చేస్తుందట. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి.

ఆ చోటు ఇంకొకరికి పోవడం పిన్నికి ససేమిరా ఇష్టం లేదు. పిన్నిది కొల్లేటికోట దగ్గర పల్లె. ఆవిడ రెండు కాన్పులూ పుట్టింట్లోనే జరిగాయి. ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. రెండోసారి ఆవిడే దక్కడం కష్టమైంది. చుట్టూ నీళ్ళు, పడవ మీద పట్నం చేరేలోగా మనిషి ఏమైపోతుంది? ఆ తర్వాత ఆవిడకి పిల్లలు లేరు. ఈ సంగతి ఆవిడ నాతో ఎన్నడూ కూర్చుని చెప్పలేదు. లంకల ఉద్యోగం మాట రాగానే మాత్రం ఆవిడ మొహంలో వచ్చిన వెలుగు చూశాక, ఈ ఉద్యోగం నా ఒక్కదానిదే కాదని నాకు అర్థమైంది.

ముగ్గురం పాసింజరెక్కి ఏలూరు వెళ్ళాం. బజారులో వాచీల సాయిబుగారి కొట్టు ఒకటుండేది. పెద్దమనిషి, తెల్లగా ఉతికిన లాల్చీ, కంటికి బిగించుకునే భూతద్దం, మనిషి మాట మహా మెత్తన. మా తాహతు ఎంతవరకో బాబాయి మొహమాటపడుతూ చెప్పగానే, అంతకు మించినవి బల్ల మీద పెట్టనేలేదు. పెట్టి ఆశ పుట్టించడం ఆయనకి చేతకాదు. మా ముందు మూడు వాచీలు ఉంచాడు. ఒకటి గోరంత బంగారు రంగు ఆడవాళ్ళ వాచీ, దాని సెకన్ల ముల్లు కనురెప్ప వెంట్రుకలా ఉంది. రెండోది ధగధగలాడుతున్న పెద్ద డయలుది, చీకట్లో అంకెలు మెరుస్తాయట. మూడోది ఇంతకు ముందు ఎవరో వాడి అమ్మేసిన మగవాళ్ళ వాచీ. నికెలు పెట్టె, తెల్ల డయలు, అడుగున విడిగా చిన్న గుండ్రంలో తిరిగే సెకన్ల ముల్లు. చూడటానికి మా మిల్లు గుమస్తాల మొహాల్లాగే ఏ ఆర్భాటమూ లేకుండా ఉంది.

బాబాయి కన్ను బంగారు రంగుదాని మీద పడింది. నాకు నిజం చెప్పాలంటే మెరిసే అంకెల మీద పడింది. పిన్ని దేన్నీ ముట్టుకోలేదు. సాయిబుగారి వంక తిరిగి ఆవిడ అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఏవండీ, గేదెని కొనేముందు రెండు పూటలు మన చేత్తో మనం పాలు పిండి చూసుకుంటాం కదండీ. అమ్మేవాడు పిండి చూపిస్తే కొనేస్తామాండీ? ఇదీ అంతేనండి. మాకు కాస్త ఇంట్లో పెట్టుకుని వాడి చూసుకోనివ్వండి."

బాబాయి సిగ్గుతో చచ్చిపోయాడు. వాచీని గేదెతో పోల్చిన మనిషిని ఆ బజారు అంతకు ముందు చూసి ఉండదు. సాయిబుగారు మాత్రం కంటి అద్దం తీసి, పిన్నిని ఒక్క క్షణం చూసి, హాయిగా నవ్వాడు. "అలాగేనమ్మా, మూడూ పట్టుకెళ్ళండి. నచ్చింది ఉంచుకుని మిగిలినవి పంపించండి" అన్నాడు. చీటీ లేదు, సంతకం లేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళ చేతిలో మూడు వాచీలు పెట్టి పంపిన ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇక మా ఇంట్లో పరీక్షలు మొదలయ్యాయి. ఇక్కడ మీకు ఒక విచిత్రం చెప్పాలి. పిన్నికి గడియారం చూడటం రాదు. అంకెలు గుర్తుపట్టదు. అయినా ఆవిడ పద్ధతి ఆవిడకుంది. పొద్దున్నే నన్ను స్టేషనుకి తీసుకుపోయి, అక్కడి పెద్ద గడియారం చూసి మూడింటికీ టైము పెట్టమనేది. సాయంత్రం మెయిలు వచ్చే వేళకి మళ్ళీ తీసుకుపోయి, పెద్దదాని ముళ్ళు ఏ వాలున ఉన్నాయో వీటివి అదే వాలున ఉన్నాయా లేదా అని పక్కపక్కన పట్టుకుని చూసేది. ప్లాట్‌ఫారం మీద కూలీలు మమ్మల్ని చూసి, మెయిలు లేటైతే వీళ్ళకే తెలుస్తుందిరా అని నవ్వుకునేవారు. పిన్ని అది విని, "తెలుస్తుంది నాయనా, నువ్వు పెట్టె దించడం లేటైనా తెలుస్తుంది" అనేది.

ఆ మధ్యవేళంతా వాచీలకి నరకం. పప్పు రుబ్బేటప్పుడు ఒకటి చేతికి పెట్టుకునేది. అన్నం వార్చేటప్పుడు ఇంకొకటి. నీళ్ళు తోడేటప్పుడు మరొకటి. పనుల్లేనప్పుడు ఒకదాన్ని బోర్లా పడుకోబెట్టి, ఒకదాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఒకదాన్ని మేకుకి తగిలించి, మర్నాడు వాటి చోట్లు మార్చేది. బాబాయి మిల్లు నుంచి వచ్చి ఈ తతంగం చూసి తల పట్టుకుంటే, "లంకల్లో మన పిల్ల పడవలో కూర్చుంటుందండీ, వానలో తడుస్తుంది, కాన్పుల మంచం దగ్గర వంగుతుంది. ఆ ఇబ్బందులన్నీ దీనికి ఇక్కడే పెట్టేస్తే అక్కడ మోసం చేయదు కదండీ" అని జవాబు. పెద్ద చదువు చదివిన ఇంజనీర్లు ఈ రోజుల్లో వాచీలని ఇలాగే పరీక్షిస్తారని మా మనవడు చెప్పినప్పుడు నాకు మహా గర్వంగా అనిపించింది.

గోరంత వాచీ మొట్టమొదట ఓడిపోయింది. దాని ముల్లు చూసి నాడి లెక్కపెట్టబోతే నాకు కళ్ళు నీళ్ళు కారాయి. ధగధగల వాచీ మీద నేను ఆశ వదులుకోలేదు గానీ, అన్నం వార్చిన ఆవిరికి దాని అద్దం లోపల చెమట పట్టింది, మేకుకి తగిలించిన రోజున మెయిలు వెళ్ళిపోయాక కూడా ఇంకా రాలేదని చెప్పింది. ముసలి నికెలు వాచీ మాత్రం బోర్లా పడుకున్నా, వేలాడినా, రుబ్బినా, ఆవిరి తగిలినా, స్టేషను గడియారం వెంటే నడిచింది. దాని వెనక మూత బిగుతుగా ఉందనీ, కీ తిప్పుతుంటే వేలికి మెత్తగా తెలుస్తుందనీ నేను తర్వాత గమనించాను. పిన్ని అవేవీ చెప్పలేదు. "ఇది మన మనిషి" అంది, అంతే.

బాబాయి చివరి ప్రయత్నం చేశాడు. ఆడపిల్ల చేతికి మగవాడి వాచీ ఏమిటి, నలుగురూ నవ్వరా, రేపు సంబంధాలు చూసేవాళ్ళు ఏమనుకుంటారని. పిన్ని ఆయన ముందు గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజూ ఎత్తలేదు. "నవ్వితే నవ్వనివ్వండి. నా పక్కన అప్పట్లో ఇలాంటి వాచీ పెట్టుకున్న మనిషి ఒక్కతి ఉంటే బాగుండేది కదండీ" అంది. బాబాయి చొక్కా తొడుక్కుని, మిగిలిన రెండు వాచీలూ రుమాల్లో కట్టుకుని ఏలూరు బయలుదేరాడు. సాయిబుగారు నా మణికట్టు సన్నమని గుర్తుపెట్టుకుని, కొత్త తోలుపట్టీకి అదనంగా చిల్లులు పొడిచి పంపించాడు.

నన్ను ఒంటరిగా పంపడానికి బాబాయి ఒప్పుకోలేదు కనుక మొదటి కాన్పుకి పిన్ని నాతో వచ్చింది. రెండు తాటిబొందలు జతకట్టిన దోనెలో, నీళ్ళ మీద అల్లుకున్న తూడు తీగల మధ్య నుంచి, వాన తుంపరలో వెళ్ళాం. వాచీ ఉన్న నర్సమ్మ వస్తోందని లంకంతా ముందే తెలిసిపోయింది. అందులో మతలబు నాకు దిగాక గానీ తెలియలేదు. అక్కడ పుట్టినవాళ్ళందరి జాతకాలూ, పడవలు తిరిగొచ్చే వేళనో, పొద్దు తాటిచెట్ల మీదికి దిగిన వేళనో చెప్పుకున్న అంచనాల మీద రాసినవే. మేం వెళ్ళింది లంకలో కాస్త కలిగిన ఇల్లు. పైగా ఆ మధ్యాహ్నం నక్షత్రం మారుతుందట, ఒక నక్షత్రం తండ్రికి మంచిది కాదట. నిమిషం సరిగ్గా పట్టుకోవాలని ఒడ్డు మీది ఊరి నుంచి సిద్ధాంతిగారిని కూడా రప్పించి వసారాలో కూర్చోబెట్టారు. నొప్పులు పడుతున్న పిల్ల మామగారు నాకు నమస్కారం పెట్టి, నా మొహం కాకుండా నా మణికట్టు చూసి లోపలికి పంపాడు.

ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వినపడగానే తడిక అవతలి నుంచి టైమెంతండీ, టైమెంతండీ అని ఒకటే గోల. నేను బిడ్డను పిన్ని చేతిలో పెట్టి తల్లి వైపు తిరిగేసరికి రక్తం ఆగడం లేదు. మనిషి తెల్లగా పాలిపోతోంది. పొత్తికడుపు ఒక చేత్తో మర్దన చేస్తూ, ఇంకొక చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాను. నాడి దారప్పోగులా సన్నగా, పరుగులు పెడుతోంది. ఆ చిన్న గుండ్రంలో తిరిగే ముల్లు తప్ప నాకు లోకంలో ఇంకేమీ కనిపించలేదు. పిన్ని బిడ్డను చాపమీద పొత్తిగుడ్డల్లో ఉంచి, మంచం కోళ్ళ కింద కాళ్ళవైపు పీటలు తోసి ఎత్తు చేసింది. మందు పట్టాను. మళ్ళీ నాడి, మళ్ళీ ముల్లు. ఎంతసేపటికో రక్తం తగ్గింది, ఆ తర్వాత నాడి నెమ్మదించింది. అప్పుడు చేతులు కడుక్కున్నాను.

బయటికి వచ్చి టైము చూడలేదని చెప్పాను. వాచీ పెట్టుకుని టైము చూడకపోవడమేమిటి? మామగారికి కోపం ముంచుకొచ్చింది. డాక్టరమ్మగారికి చెబుతానన్నాడు, ఇలాంటి మనిషి తమ లంకకి వద్దన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

పిన్ని బిడ్డను ఎత్తుకుని నా వెనకే వచ్చి నిలబడింది. మెత్తగానే అంది.

"పిల్ల పుట్టిన టైము ఇందాకట్నుంచీ అడుగుతున్నారండీ. పెద్ద ప్రాణం ఎలా ఉందని ఒక్కరు అడిగారాండీ? ఆ వాచీ ఆ ప్రాణం కోసం తెచ్చుకున్నామండి."

సిద్ధాంతిగారు పంచాంగం మూసి సంచిలో పెట్టుకున్నాడు. ముందుగా కదిలింది అత్తగారు. తడిక తోసుకుని లోపలికి వెళ్ళి, కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మామగారు అన్నంత పనీ చేసి డాక్టరమ్మగారికి కబురు పెట్టాడు. ఆవిడ నన్ను పిలిచి బిడ్డ పుట్టిన టైము అడగలేదు. తల్లి నాడి మొదట ఎంత ఉంది, తర్వాత ఎంతకి దిగిందని అడిగింది. చెప్పాను. వచ్చే వారం నుంచి లంకలన్నీ నీవేనంది. ఆ మాట ఇంటికొచ్చి చెబితే పిన్ని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

ఆ వాచీ నాతో ఎన్నో ఏళ్ళు తిరిగింది. ఆ పిల్లకి జాతకం రాయనేలేదు. పెళ్ళీడు వచ్చాక పేరుబలం చూసి సంబంధం కుదిర్చారు. శుభలేఖ పట్టుకుని తల్లే స్వయంగా గూడెం వచ్చింది, చక్కగా, నిండుగా ఉంది. గుమ్మంలోంచే మీ పిన్నిగారేరండీ అని అడిగింది. పిన్ని పోయి అప్పటికి ఏడాది అయింది.

ఇప్పుడు కాన్పులకి అంత భయం లేదు. రక్తం సీసాల్లో దొరుకుతోంది, లంకలకి రోడ్లు పడ్డాయి. ఈ మార్పు చూడటానికే ఇంతకాలం బతికాననిపిస్తుంది. ఆ మధ్య మా మనవరాలికి, సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తానికి ఆపరేషను చేసి బిడ్డను తీశారు. వరండాలో ఇరవైమందిమి ఉన్నాం, అందరి చేతులకీ వాచీలే. నర్సు తలుపు తీయగానే అందరూ ఒక్కసారిగా టైమే అడిగారు, ఆమె చెప్పింది, అందరూ తృప్తిగా తమ వాచీలతో సరిచూసుకున్నారు. నేను మాత్రం ఆ గుంపులో, తల్లి ఎలా ఉందని అడిగే ఒక్క గొంతు కోసం కాసేపు ఎదురుచూసి, చివరికి నేనే అడిగాను.