క్యారవాన్‌లో దేవుడి లైటు

కంకిపాడులో మా బాబాయి పెళ్లిళ్లకు అద్దెకివ్వడానికి ఒక పాత క్యారవాన్ కొన్నారు. బేరాలు లేక మూడు నెలలుగా అది షెడ్డులోనే ఉంది. ఈ రోజు మొదటి బేరం. పెళ్లికూతురి ముస్తాబు కోసం పదింటికల్లా గన్నవరంలో ఉండాలి. ఎనిమిదింటికి బాబాయి తాళం తిప్పితే బండి చిన్న శబ్దం కూడా చేయలేదు.

మెకానిక్ వచ్చి చూశాడు. "బ్యాటరీ పూర్తిగా దిగిపోయిందండీ. లోపల ఏదన్నా వెలుగుతూ వదిలేశారా?"

"ఏం లేదు బాబూ," అంది పిన్ని. "దేవుడి పటం దగ్గర చిన్న లైటు, అంతే."

"ఎన్నాళ్లు వెలిగిందమ్మా?"

"దేవుడి దగ్గర దీపం ఎవరన్నా ఆర్పుతారా? మొన్న దానంతట అదే ఆరిపోయింది. అప్పుడే అనుకున్నా, బండికేదో అవుతుందని."

మెకానిక్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. బండిని ఊరికే ఉంచేటప్పుడు బ్యాటరీ వైరు తీసేయాలని దాంతో వచ్చిన పుస్తకంలో ఉంది. ఇంట్లో అది చదివింది నేనొక్కదాన్నే. వైరు తీస్తే దేవుడి లైటు ఆరిపోతుందని పిన్నికి చెప్పే ధైర్యం చాల్లేదు.

మెకానిక్ పక్కింటివాళ్ల ట్రాక్టర్ బ్యాటరీకి వైర్లు కలిపితే ముందు వెలిగింది ఆ లైటే. పిన్ని దణ్ణం పెట్టుకుంది. తరవాత బండి స్టార్టయింది. గన్నవరానికి పది నిమిషాలు ఆలస్యంగా చేరింది.

సాయంత్రం బండి తిరిగొచ్చాక పిన్నికి ఆ పేజీ చదివి వినిపించాను. పిన్ని పటాన్ని ఇంట్లోకి తెచ్చేసి, మళ్లీ బండిలోకెళ్లి లైటు తనే ఆర్పింది.

"ఖాళీ బండిలో ఆయనకు మాత్రం ఏం పని?" అంది.

ఇకమీదట మా దేవుడు బేరమున్న రోజే బండెక్కుతారు. మీ ఇళ్లలో ఆ లైటు ఆర్పే ధైర్యం ఎవరికుందో చెప్పండి.